అమావాస్య మాలీషు

సూర్యాపేట గ్రంథాలయంలో పేపర్లు పరిచే పొడుగు బల్ల దగ్గర నాకొక కుర్చీ ఉంది. దాని మీద నా పేరేమీ రాసి లేదు గాని, పొద్దున పది గంటలకు అందులో ఇంకెవరూ కూర్చోరు. ముప్పై ఏళ్లకు పైగా మనుషుల నడుములు, భుజాలు, పిక్కలు పట్టి బతికినవాడినని అక్కడ అందరికీ తెలుసు. అందుకే రోజుకొకరైనా పేపరు మడిచి, కుర్చీ దగ్గరికి జరుపుకుని అదే ప్రశ్న అడుగుతారు. గట్టి మాలీషు ఎన్ని రోజులకోసారి చేయించుకోవాలి? రిటైరైన పంతుళ్లు అడుగుతారు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అడుగుతారు. హైవే పక్కన కొత్తగా తెరిచిన మసాజ్ సెంటర్లలో పనికి చేరినవాళ్లు కూడా ఈమధ్య వచ్చి అడుగుతున్నారు. వాళ్లు దాన్ని డీప్ టిష్యూ అంటారు. నాకు పని నేర్పిన ఉస్తాద్ లోపలి పట్టు అనేవాడు.

నేను వెంటనే అంకె చెప్పను. అది వాళ్లకు నచ్చదు. ఇన్నేళ్లు పనిచేసి ఈ మాత్రం చెప్పలేడా అన్నట్టు చూస్తారు. ఒకప్పుడు నేనూ అంకెలు చెప్పేవాణ్ణి. చెప్పడమే కాదు, స్కెచ్ పెన్నుతో రాసి గోడకు తగిలించాను. ఆ కాగితం గోడ దిగిన సంగతి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు, సగంలో మాత్రం ఆపకండి. సగం చదవడం వల్ల ఏమవుతుందన్నదే ఈ కథంతా.

ఉస్తాద్ అప్పటికే ముసలివాడు. తాలీమ్‌లో, అంటే గోదాలో, కుస్తీ పట్టేవాళ్లు తగ్గిపోయి, ఆ మట్టి నేల పక్కనే చాప పరిచి మార్కెట్ యార్డు హమాలీలకు మాలీషు చేసేవాడు. అమావాస్య నాడు మార్కెట్ బందు. ఆ రోజు తెల్లవారేసరికే హమాలీలు తువ్వాలలు భుజాన వేసుకుని వచ్చి వరసగా కూర్చునేవాళ్లు. ఒక్కొక్కణ్ణీ గేటు దగ్గరి నుంచి చాప దాకా నడిచి రమ్మని, ఉస్తాద్ బీడీ కాలుస్తూ చూసేవాడు. తర్వాతే చెయ్యి వేసేవాడు. కొందరిని అసలు పడుకోనిచ్చేవాడే కాదు. పైకి కిందికి చూసి, నీకు ఇయ్యాల వద్దు, పో అనేవాడు. పోయినవాడు తిట్టుకుంటూ పోయేవాడు.

నేను ఆయన దగ్గర నాలుగేళ్లు చేశాను. ఆయన చేతులను నేర్చుకున్నాను. బొటనవేలు ఎక్కడ ఆనించాలి, మోచెయ్యి ఎప్పుడు దించాలి, నూనె ఎంత పోస్తే పట్టు జారుతుంది, అన్నీ నేర్చుకున్నాను. ఆయన కళ్లను నేర్చుకోలేదు.

దానికి కారణం ఉంది. అప్పటికే నాకు గ్రంథాలయం పిచ్చి పట్టింది. పది తప్పినవాణ్ణి. చదువు నన్ను వద్దన్నా నేను దాన్ని వదల్లేదు. మొదట పిల్లల జీవశాస్త్రం వాచకాలు, తర్వాత తెలుగులో దొరికిన శరీర శాస్త్రం, అదీ అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు. ఒక్క పేజీకి వారం పట్టేది. పిరుదు లోపల బొటనవేలంత లావు నరం ఒకటి కాలిలోకి దిగుతుందని మొదటిసారి బొమ్మలో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటిదాకా ఎన్ని వందల పిరుదుల మీద మోచేతులు దించానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అంత చదివినవాడికి అమావాస్య ఒక మూఢనమ్మకంలా కనిపించడంలో వింత లేదు. ఒకసారి అందరి ముందు ఉస్తాద్‌ను అడిగాను, చంద్రుడు కనపడకపోవడానికీ కండరానికీ ఏమిటి సంబంధమని. ఆయన చేతి నూనె తుడుచుకుని, "సదువుకున్నోనివి నువ్వు, నువ్వే జెప్పు" అన్నాడు. నేను నవ్వాను. హమాలీలు ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత కోదాడలో ఒక ఫిజియోథెరపీ మేడమ్ దగ్గర సహాయకుడిగా చేరాను. ఆమె డిగ్రీ చదివిన మనిషి, నాకంటే పదేళ్లు చిన్నది, అయినా నన్ను మీరు అనే పిలిచేది. మేళ్లచెరువు సిమెంటు లారీల డ్రైవర్లు మెడలు పట్టేసి వచ్చేవాళ్లు. ఆమె పరీక్ష చేసి చెబితే నేను పట్టేవాణ్ణి. కండరాల పేర్లు నేను గడగడా చెబుతుంటే, "మీరు ఎక్కడ చదివారండీ?" అని అడిగింది. లైబ్రరీలో అన్నాను. ఆ జవాబు చెప్పడానికే అన్నాళ్లు చదివానేమో అన్నంత సంతోషం కలిగింది.

కొన్నాళ్లకు ఆమె మిర్యాలగూడలో ఇంకో క్లినిక్ తెరిచింది. వారంలో మూడు రోజులు తాను వచ్చి చూసేది, మిగతా రోజులు నన్ను ఉండమంది. ఆమె చూసి రాసినవాళ్లకే నేను చెయ్యి వెయ్యాలి, కొత్తవాళ్లను ఆమె వచ్చేదాకా ఆపాలి, అదీ ఏర్పాటు. ఒక గది, ఒక బల్ల, ఒక తెర, ఊడ్చి తుడిచే ఆయమ్మ, నేను. నా ఇష్టానికి వదిలిన మొదటి గోడ అది.

ఆ గోడకే కాగితం తగిలించాను. ఆటగాళ్ల శరీరాల గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో, ఎవరికి ఎన్ని రోజులకోసారి లోతుగా మసాజ్ చేయాలో చెప్పే పట్టిక ఉంది. దాన్ని కాగితం మీదికి ఎక్కించుకుని, మన ఊరికి తగినట్టు మార్చుకున్నాను. కూర్చుని చేసే ఉద్యోగం: నెలకు ఒకసారి. డ్రైవరు: పదిహేను రోజులకు ఒకసారి. మిల్లు హమాలీ: వారానికి రెండుసార్లు. అక్షరాలు గుండ్రంగా, కింద ఎర్ర గీత. మేడమ్ చూసి బాగుందండీ అంది, కానీ మనిషిని బట్టి మార్చుకోవాలి సుమా అని కూడా అంది. మొదటి మాట నేను బాగా విన్నాను.

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. మిల్లు పక్కనే ఉండేది మా క్లినిక్. అలా వచ్చాడు అతను. దామరచర్ల వైపు ఒక తండా నుంచి వచ్చి, భార్యతో కిరాయి గదిలో ఉంటూ బస్తాలు మోసే హమాలీ. నలభై దాటాయి. భార్య అదే మిల్లులో ఊడ్పు పనికి పోయేది. నడుము నొప్పి, ఎడమ కాలు లాగుతుంది అన్నాడు. మేడమ్ చూసి, నడుముకు మాలీషు, కొన్ని వ్యాయామాలు రాసి, మోసే బరువు తగ్గించమని చెప్పింది. బరువు తగ్గించడం అతని చేతిలో లేదు. హమాలీలు ముఠాగా పనిచేస్తారు. పన్నెండు మందిలో ఒకడు రాకపోతే అతని బస్తాలు మిగతా పదకొండు మంది వీపుల మీదికి పోతాయి. అందుకని ఎవరూ మానరు.

ఎప్పుడెప్పుడు రావాలని అడిగి, తనే ఒక మాట అన్నాడు. "అమాసకు ఒక్కపారి సాలదా సారూ? మా నాయిన గట్లనే పట్టిచ్చుకునేటోడు."

నేను గోడ వైపు వేలు చూపించాను. శరీరానికి అమావాస్య, పున్నమి తెలియవని, ఇది శాస్త్రమని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అతనికి చదవడం రాదు. అయినా ఆ కాగితాన్ని దేవుడి పటాన్ని చూసినట్టు చూశాడు.

మంగళవారం, శుక్రవారం. పొద్దున ఆరున్నరకు, మిల్లుకు పోయే ముందు వచ్చేవాడు. ముఠా మేస్త్రి సైకిలు దిగకుండానే తలుపు దగ్గర నిలబడి, జల్ది పట్టి పంపు అన్నా, లారీ నిలబడ్డది అని తొందర పెట్టేవాడు. నేను లోతుగా పట్టేవాణ్ణి. అతను లేచి, ఒళ్లు విరుచుకుని, దూది లెక్క ఉన్నది సారూ అనేవాడు. అట్నుంచి అటే పోయి, లారీకి ఆనించిన చెక్క మీదుగా బస్తాలు ఎక్కించేవాడు.

నెల తిరిగేసరికి నడుము నొప్పి తగ్గింది. తొడలోకి దిగింది, పిక్కలోకి దిగింది, ఆ తర్వాత పోయింది. "నొప్పి ఖతం సారూ. పాదం జర మొద్దుబారినట్టుంటది, గంతే" అన్నాడు. నేను అతని పేరున క్లినిక్‌లో పెట్టిన నోటుబుక్కులో నొప్పి తగ్గింది అని ఎర్ర సిరాతో రాశాను. పాదం మాట రాయలేదు. పైగా ఆ మిగిలిందాన్ని కూడా దులిపేద్దామని వారానికి మూడుసార్లు రమ్మన్నాను. మేడమ్‌కు చెప్పకుండా నేనే పెంచాను. వచ్చినవాళ్లందరికీ అతణ్ణి చూపించి, చూడండి, ఎలా వచ్చాడు, ఎలా అయ్యాడు అని చెప్పుకున్నాను. పిరుదులో బొటనవేలంత నరం ఉంటుందని తెలిసినవాణ్ణి, మొద్దుబారడం అంటే ఆ నరం మూగపోవడమని నాకు తట్టలేదు. నొప్పి పోవడం అన్నది అంత తియ్యటి మాట.

ఆ రోజు శుక్రవారం. వానాకాలం వడ్లు మిల్లులకు వస్తున్న రోజులు, రోడ్డంతా ట్రాక్టర్లు. ఆయమ్మ గది తుడిచి ఇంకా బయటికి పోలేదు. అతను వచ్చి, అలవాటుగా చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. తెర వెనక నూనె వెచ్చబెట్టి వచ్చి నడుము మీద చెయ్యి ఆనించాను. అప్పుడు ఆయమ్మ గుమ్మం దగ్గరి నుంచి అడిగింది.

"గీ ఒక్క చెప్పు ఎవరిది?"

అతను తల ఎత్తకుండానే తనదే అన్నాడు. రెండూ అక్కడే విడిచాను, ఇంకోటి పక్కనే ఉంటుంది చూడు అన్నాడు. లేదంది ఆయమ్మ. కుక్క ఎత్తుకపోయిందేమో అని అతను నవ్వాడు. ఆయమ్మ నవ్వలేదు. తాను తుడిచిన నేలనే చూస్తోంది. నేనూ చూశాను. గుమ్మం నుంచి బల్ల దాకా, ఒక అడుగు విడిచి ఒక అడుగు, ఎర్రటి మరక.

ఎడమ పాదం తిప్పి చూశాను. అరికాలిలో గాజు పెంకు దిగి ఉంది. చెప్పు దారిలో ఎక్కడో ఊడిపోయింది. అతనికి తెలియదు. పెంకు గుచ్చుకుంది. అదీ తెలియదు. పెంకు తీస్తుంటే కూడా అతను బోర్లా పడుకుని, ఏందైంది సారూ అని మామూలుగా అడుగుతున్నాడు.

నా చెయ్యి అతని నడుము మీద నుంచి ఎప్పుడు తీశానో నాకు గుర్తు లేదు.

మేడమ్ కోదాడలో ఉంది. ఫోన్ చేశాను. మడమల మీద నడవమనండి అంది. అతను నిలబడి ప్రయత్నించాడు, ఎడమ పాదం ముందుకు వాలిపోయింది. బొటనవేలు పైకెత్తమనండి అంది. కుడిది లేచింది. ఎడమది చూస్తున్నాడు, అదేదో ఇంకొకరి వేలన్నట్టు. మూత్రానికి ఏమైనా ఇబ్బంది ఉందా అడగమంది, లేదన్నాడు. అప్పుడు ఆమె గొంతు మారింది.

"ఇంక చెయ్యి వెయ్యకండి. ఇవాళే, ఇప్పుడే నల్గొండ తీసుకెళ్లండి. మీరూ వెళ్లండి. నేను అక్కడికే వస్తున్నాను."

మేస్త్రి తలుపు దగ్గర ఉండనే ఉన్నాడు. ఈ రోజు అతను రాడు అన్నాను. మేస్త్రి సైకిలు దిగాడు. నేను మేస్త్రిని సైకిలు దిగగా చూడటం అదే మొదటిసారి.

"మొన్ననే కదనే మొత్తం బాగైందంటివి? నీ మాట మీదనే కద నిన్న రెండు లారీలు ఎక్కిపిచ్చిన."

నేను వంగి పాదానికి గుడ్డ చుట్టడం మొదలుపెట్టాను.

అంతలో హమాలీ భార్య వచ్చింది. మిల్లుకు పోతూ దారిలో మొగుడి చెప్పు కనబడితే చేతిలో పట్టుకుని వచ్చింది. లోపల నెత్తురు మరకలు చూసింది, అతన్ని చూసింది, ఇద్దరూ వాళ్ల లంబాడీ భాషలో రెండు మాటలు అనుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. కోపంగా కాదు. కోపంగా చెప్పినా బాగుండేది.

"నెల సంది ఎడమ చెప్పు చప్పుడు మారింది సారూ. ఈడుస్తుండు. ఇంట్ల ఇనేదాన్ని, నాకెరుకైతది. సారుతోని జెప్పమంటే, సారు పుస్తకం సూసి పడుతుండు, నీకేమెరుక అంటడు."

నల్గొండలో డాక్టరు నన్ను అన్నీ అడిగాడు. ఎన్నిసార్లు పట్టావు, ఎక్కడ, ఎంత లోతుగా, మొద్దుబారిందని ఎప్పుడు చెప్పాడు. అన్నీ చెప్పాను, వారానికి మూడు చేసిన సంగతి మేడమ్ ముందే చెప్పాను. వెన్నులో డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది, హైదరాబాద్ పంపి ఆపరేషన్ చేయించాలన్నాడు. జారడానికి నీ మాలీషు కారణం అని చెప్పలేను, బస్తాలే కారణం కావచ్చు అన్నాడు. నేను ఊపిరి పీల్చుకోబోయాను. కానీ నొప్పిని తగ్గించి తగ్గించి అతణ్ణి రోజూ బస్తాల కిందికి పంపింది నువ్వే, నెల ముందు రావాల్సింది అన్నాడు.

తిరుగు దారిలో కారులో మేడమ్, "బోర్డు మీద పేరు నాదండీ. మీ నోటుబుక్కులు నేను వారం వారం చూసి ఉండాల్సింది" అంది. ఆ మాట తిట్టుకంటే బరువైంది. మర్నాడు కాగితం గోడ మీద నుంచి దించాను. మడిచి జేబులో పెట్టుకుని, సెలవు రోజున సూర్యాపేట వచ్చి, అదే గ్రంథాలయంలో అదే పుస్తకం తీయించాను. పట్టిక కింద చిన్న అక్షరాల్లో రెండు లైన్లు ఉన్నాయి. ఎక్కించుకునేటప్పుడు వాటిని వదిలేశాను, చిన్న అక్షరాలు కదా అని. లోతైన మసాజ్ అయిన రోజూ ఆ మర్నాడూ బరువైన సాధన చేయని ఆటగాళ్లకే ఈ పట్టిక అని వాటి సారాంశం. పుస్తకం అబద్ధం చెప్పలేదు. నేనే సగం చదివాను.

అక్కణ్ణుంచి ఉస్తాద్ ఇంటికి పోయాను. మంచం మీద ఉన్నాడు, చూపు తగ్గింది. జరిగిందంతా చెప్పాను. అమావాస్య నాడే ఎందుకు పట్టేవాడివని ఈసారి నవ్వకుండా అడిగాను.

"అమాసకేమున్నదిరా. ఆ దినం మార్కెట్ బందు. ఒళ్లు పట్టినంక మనిషి పండుకోవాలె. పట్టినంక మూట ఎత్తితే పట్టింది దండుగ, ఒళ్లు పరేషాన్. బందు లేని నాడు పడితే వాడు పండుకుంటడా?"

మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు అడిగినవా? నవ్వినవ్."

హమాలీకి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. కాలు చాలా మట్టుకు వచ్చింది, బొటనవేలు మాత్రం లేవలేదు. మళ్లీ బస్తా ఎత్తలేదు. నేను చెడ్డవాడనుకున్న ఆ మేస్త్రే మిల్లులో మాట్లాడి, అతణ్ణి బస్తాల మూతి కుట్టే మిషను దగ్గర కూర్చోబెట్టాడు. ఆరు నెలలు నేను అతనికి ఎదురుపడకుండా తిరిగాను. ఒక రోజు అతనే వచ్చాడు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకున్నాడు, ఊడిపోకుండా. పక్కన భార్య. డాక్టరు, మేడమ్ ఇద్దరూ రాసిన కాగితం చేతిలో ఉంది, నడుముకూ తొడకూ మెల్లగా పట్టవచ్చని. ఎప్పుడెప్పుడు రావాలె సారూ అని అడిగాడు.

అలవాటుగా గోడ వైపు చూశాను. మేకు ఒక్కటే ఉంది.

మిల్లు బందున్న నాడు రమ్మన్నాను. మిల్లుకూ బందు అమావాస్య నాడే. అప్పటి నుంచి అమావాస్య అమావాస్యకు వచ్చేవాడు. నేను లోపల కూర్చోవడం మానేశాను. బయట అరుగు మీద నిలబడి, వీధి మలుపు నుంచి అతను నడిచి వచ్చేదాకా చూసేవాణ్ణి. అందరినీ అలాగే చూడటం మొదలుపెట్టాను. పుస్తకాలు మానలేదు. ఇంకా ఎక్కువ చదివాను, చిన్న అక్షరాలతో సహా.

కాబట్టి గ్రంథాలయంలో అడిగేవాళ్లకు నేను అంకె బదులు ప్రశ్నలు వేస్తాను. పోయినసారి పట్టినప్పటి సలుపు పూర్తిగా పోయిందా? పోకపోతే ఇంకా వద్దు. పట్టిన రోజు విశ్రాంతి తీసుకోగలవా? లేకపోతే ఆ రోజు వద్దు. ఎక్కడైనా మొద్దుబారిందా? మొద్దుబారితే మాలీషు కాదు, దవాఖాన. ఇవన్నీ దాటితే, నెలకోసారి చాలామందికి చాలు. కొందరికి అదీ ఎక్కువే. ఆఖరుకు ఇంకోటి అడుగుతాను, ఇంట్లో నీ నడక చప్పుడు వినేవాళ్లు ఎవరని. కొత్త సెంటర్ల పిల్లలు దీనికి మొహాలు చూసుకుంటారు. చూసుకోనీ.

రెండేళ్ల కింద నేను పని మానేశాను. నెలాఖరుకు మానేస్తానంటే మేడమ్ సరే అంది. తర్వాత పంచాంగం చూసి, ఇంకో నాలుగు రోజులు, అమావాస్య దాకా ఉంటానన్నాను. అమావాస్య నాడు ఎవరైనా వీడ్కోలు చెబుతారా అండీ అని ఆమె నవ్వింది, స్వీటు డబ్బా మాత్రం ఆ రోజే తెచ్చింది.

పొద్దున్నే వాళ్లిద్దరూ వచ్చారు. అరుగు మీద నిలబడ్డాను. ఈసారి కళ్లు మూసుకున్నాను. మలుపు నుంచి చప్పుడు మొదలైంది, దగ్గరయింది, మెట్ల దగ్గర ఆగింది. నాకు ఏదో అర్థమైంది గాని, నా మాట మీద నాకు అంత నమ్మకం లేదు. ఆమెను అడిగాను, ఎట్లుంది చప్పుడు అని.

ఆమె ఆలోచించుకుని చెప్పింది. "ఎడమది జర ఎన్కవడ్డట్టే ఉంటది సారూ, అది ఎప్పటిదే. పోయిన నెల లెక్కనే ఉన్నది, ఎక్కువైతలేదు, నొప్పి గూడ లేదు. ఇయ్యాల పట్టకు."

అతను గొణిగాడు, ఇంత పొద్దుగాల వచ్చింది ఉత్తగ పోనికా, సారు మళ్ల ఉండడు అని. ఆమె వినలేదు. నేనూ వినలేదు. ముగ్గురం అరుగు మీద కూర్చుని మేడమ్ తెచ్చిన స్వీట్లు తిన్నాం. నా ఉద్యోగం చివరి రోజు, చేతికి నూనె చుక్క అంటకుండా ఇంటికి పోయాను.